ఏడు చేపలు, సెకనుకి పన్నెండు ఫోటోలు: మా వేసవి యానిమేషన్ వర్క్‌షాప్ డైరీ

ఏప్రిల్ చివర

ఈ సెలవల్లో ధర్మవరంలో పిల్లలకి యానిమేషన్ నేర్పిద్దామని ఫిక్స్ అయిపోయా. హైదరాబాద్‌లో ఇన్నేళ్ళు వేరేవాళ్ళ కార్టూన్లకి బ్యాక్‌గ్రౌండ్లు వేసింది చాలు, లీవులు కూడా ఎటూ మురిగిపోతా ఉన్నాయి. హాలు మా చిన్నాన్న వాళ్ళది, మేడ మీద ఖాళీగా ఉంటుంది, కింద మగ్గాలు నడుస్తుంటాయి. ఇరవై మంది చాలనుకున్నా, ఆరో తరగతి నించి ఇంటర్ దాకా. ఫీజేమీ లేదు కానీ ఒక కండిషన్, ఇంట్లో పడున్న పాత పెళ్ళి పత్రికలు ఎన్ని దొరికితే అన్నీ పట్టుకు రావాలి, అట్ట ఎంత మందంగా ఉంటే అంత మంచిది.

ఫోన్ చేసిన పేరెంట్స్ అందరిదీ ఒకటే ప్రశ్న, త్రీడీ నేర్పిస్తారా అని, ఆ తర్వాత సర్టిఫికెట్ ఇస్తారా అని. త్రీడీకి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీనే, కానీ ఇక్కడ ఉండేది నా లాప్‌టాప్ ఒక్కటి, ఇరవై మంది దాని చుట్టూ మూగి మెనూలు చూసుకుంటా కూర్చుంటే సెలవలు అయిపోతాయి, ఒక్కడూ ఒక్క బొమ్మా కదిలించి ఉండడు. కాబట్టి ఫోను, కాగితం, కత్తెర. స్టాప్ మోషన్, అందులోనూ కటౌట్, అంటే కాళ్ళూ చేతులూ విడివిడిగా కత్తిరించి కీళ్ళు పెట్టి, కొంచెం జరిపి ఫోటో, మళ్ళీ కొంచెం జరిపి ఫోటో. స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ ఫ్రీ వెర్షన్ చాలు, ముందు తీసిన ఫ్రేము, అంటే ఫోటో, పల్చగా వెనకాల కనపడుతుంది, దాన్ని బట్టి ఎంత జరిపామో తెలుస్తుంది.

సర్టిఫికెట్ సంగతి తర్వాత చూద్దాం అన్నా.

మే మొదటి వారం

ఫోన్లు ముట్టుకోనివ్వలేదు. పిల్లలకి భలే కోపం వచ్చింది. ముందు అట్టముక్క గుండ్రంగా కత్తిరించి ఒకవైపు దండెం ఇంకోవైపు చేప వేసి, రెండు పక్కలా దారం కట్టి గిరగిరా తిప్పించా, దండెం మీద చేప వేలాడినట్టు కనపడుతుంది. ఇది 1820ల నాటి బొమ్మ, అప్పటికి సినిమా కాదు కదా సరైన ఫోటో కూడా లేదు. తర్వాత పాత నోట్‌బుక్కుల మూలల్లో ఫ్లిప్‌బుక్, పేజీలు గబగబా తిప్పితే బొమ్మ కదులుతుంది. ఇది అయిపోయేసరికి కోపం పోయింది, ఒకడు సైన్స్ నోట్స్ మొత్తం మూలలన్నీ నింపేసి వచ్చాడు, వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. స్కూల్ తెరిచాక ఆ నోట్స్ అవసరం లేదులే ఆంటీ, వాడు నైన్త్‌కి వెళ్ళిపోతాడు కదా అని సర్దిచెప్పా.

సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. మేము చేత్తో చేసేదానికి 12 చాలు, ఒక్కో ఫోటో రెండు ఫ్రేముల పాటు నిలబడుతుంది, పెద్ద పెద్ద కార్టూన్లలో కూడా చాలా భాగం ఇలా రెండేసి మీదే నడుస్తుంది. అంటే పది సెకన్ల సీనుకి 120 ఫోటోలు. ఈ లెక్క బోర్డు మీద రాయగానే వెనక బెంచీలో 'వామ్మో' అని వినపడింది.

బొమ్మలు రానివాళ్ళు సగం మంది. "అక్కా నాకు డ్రాయింగ్ రాదు, నేను ఫోటోలు మాత్రం తీస్తా" అని ముందే చెప్పేస్తారు. అందుకే మొదటి ఎక్సర్‌సైజు పది రూపాయల బిళ్ళతో పెట్టా. బల్ల ఈ చివర నించి ఆ చివరకి బిళ్ళ వెళ్ళాలి, పన్నెండు ఫోటోల్లో. ఒక టీం స్కేలు పెట్టి సమానంగా జరిపింది. ఇంకో టీముని మొదట్లో దగ్గర దగ్గరగా, మధ్యలో దూరం దూరంగా, చివర మళ్ళీ దగ్గరగా జరపమన్నా. రెండూ పక్కపక్కన ప్లే చేస్తే మొదటిది ఎవరో దారం కట్టి లాగుతున్నట్టుంది, రెండోది బిళ్ళ తనంతట తనే బయలుదేరి, పరిగెత్తి, బ్రేకేసి ఆగినట్టుంది. అదే బిళ్ళ, అవే పన్నెండు ఫోటోలు. డ్రాయింగ్ రాదన్న పిల్లే ఆ రెండోది చేసింది. యానిమేషన్‌లో తొంభై శాతం ఈ గ్యాపులే అని నా నమ్మకం, గీత అందంగా ఉండటం అనేది ఆ తర్వాతి మాట, స్టూడియోలో కూడా గీత అదరగొట్టే వాళ్ళ సీన్లు టైమింగ్ దగ్గర తేలిపోవటం చాలాసార్లు చూశా.

ఒక్కో ఫోటో పోగైతేనే కదలిక అని చేనేత ఇంటి పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "మా జకార్డు అట్టలు ఉంటాయి కదక్కా, ఒక్కో అట్టకి ఒక్కో పోగు, అన్నీ అయినాకనే నెమలి కనపడేది, అంతే కదా" అన్నాడు ఒకడు (జకార్డు అట్టలంటే మగ్గానికి డిజైను చెప్పే కన్నాల అట్టలు). అంతే.

కథ సెలక్షను

ఇది మామూలు గొడవ కాదు. ఇంటర్ బ్యాచ్‌కి ఫైటు కావాలి, స్లో మోషన్‌లో. సరే, స్లో మోషన్‌లో ఒక గుద్దు మూడు సెకన్లు అనుకుందాం, 36 ఫోటోలు, ఒక్క గుద్దుకి, ఎన్ని గుద్దులు కావాలి అని అడిగా. ఫైటు క్యాన్సిల్. ఇంకొకరు దెయ్యం, ఇంకొకరు క్రికెట్ మ్యాచ్ లాస్ట్ ఓవర్.

ఆరో తరగతి పాప ఒకామె చెయ్యెత్తి ఏడు చేపల కథ అంది, ఇంట్లో తమ్ముడికి రోజూ తనే చెప్తుందంట. అందరూ నవ్వారు. నాకూ ముందు 'మళ్ళీ అదేనా' అనిపించింది, కానీ రాత్రి కూర్చుని ఆలోచిస్తే వర్క్‌షాప్‌కి అంతకంటే సరిపోయే కథ దొరకదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, మోపుని అడిగితే ఆవు మేయలేదు, ఆవునడిగితే గొల్లవాడు మేపలేదు, వాడినడిగితే అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వనడిగితే పిల్లోడు ఏడ్చాడు, పిల్లోణ్ణడిగితే చీమ కుట్టింది, చీమనడిగితే నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. మొదట్లో వేట ఒకటి, తర్వాత ఏడు ప్రశ్నలు, మొత్తం ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో టీముకి. ప్రతి ముక్కా అడగటం, చెప్పటం, అంతే, ఒకరిది లేటైనా ఇంకొకరిది ఆగదు, ఎవరైనా ఊరెళ్ళిపోయి ఒక ముక్క పాడైనా మిగతా కథ నిలబడుతుంది. ముక్కకి 12 సెకన్లు పెట్టుకుంటే 96 సెకన్లు, 1152 ఫోటోలు. ఇరవై మందికి ఇది మోయగలిగిన బరువే.

కథ ఒప్పుకున్నాక వెర్షన్ల తగాదా మొదలైంది. అవ్వ కాదు అమ్మ అని ఒకరు, గొల్లవాడు కాదు పాలేరు అని ఒకరు, మా ఇంట్లో ఇంకా పొడుగ్గా చెప్తారు అని ఒకరు. ఓటింగ్ పెట్టి అవ్వని గెలిపించాం.

మే రెండో వారం, లైటు బల్ల

షాడో స్టైల్‌లో చేస్తున్నాం. కింద నించి లైటు, పైన నల్లటి బొమ్మలు. దీనివల్ల రెండు లాభాలు, మొహాలు గీయక్కర్లేదు, పెళ్ళి పత్రికల మీద ఉండే గణపతులూ బంగారు అక్షరాలూ కనపడవు. సెటప్ ఇది:

గ్లాసు షాపులో కటింగ్‌లో మిగిలిపోయిన అద్దం ముక్క, ఐదు ఎంఎం మందం, అంచులు షాపాయనే రాకి ఇచ్చాడు. దాని అడుగున ట్రేసింగ్ పేపర్, లేకపోతే బల్బులు చుక్కలు చుక్కలుగా తెలుస్తాయి. దాని కింద నాలుగు ఎల్‌ఈడీ బల్బులు ఒక పాత చెక్క డ్రాయర్‌లో. డ్రాయర్ లోపలంతా తెల్ల చార్టు అంటించాం, వెలుగు సమానంగా పరుచుకోవాలి కదా. పైన ఫోను కిందకి చూడాలి, దానికి రెండు బల్లల మధ్య చెక్క పలక అడ్డం వేసి, కెమెరా దగ్గర వడ్రంగాయనతో కన్నం పెట్టించి, ఫోను రబ్బరు బ్యాండ్లతో బిగించాం.

బొమ్మల కీళ్ళకి ముందు బ్రాస్ పిన్నులు వాడాం. పిన్ను తల అద్దానికి ఆనుకుని బొమ్మ ఒకవైపు లేచి ఉంటోంది, అంచు మసగ్గా వస్తోంది. దారం ముడి బెటర్, ముడి పైవైపుకి ఉండాలి. ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు, లూజుగా ఉంటే నువ్వు తల జరిపితే చెయ్యి కూడా జారిపోతుంది. సరిగ్గా ఎంత అంటే, బొమ్మ ఒక చెయ్యి పట్టుకుని ఎత్తితే మిగతా శరీరం మెల్లగా దిగాలి, టపీమని వేలాడకూడదు.

1926లోనే జర్మనీలో లోటే రైనిగర్ అనే ఆవిడ ఇదే పద్ధతిలో, అద్దం బల్ల మీద నల్ల అట్టబొమ్మలు జరుపుకుంటూ గంటకి పైగా నడిచే సినిమా తీసింది అని చెప్పా. "ఆమెకి ఈ యాప్ లేదు కదక్కా, ముందు ఫ్రేము ఎట్ల కనపడుతుంది" అని అడిగారు. కనపడదు, అంతా గుర్తుపెట్టుకోవాల్సిందే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మగ్గాల మోత

టెస్టు షూట్ చేస్తే చేప ఊరికే ఎగిరి పడుతోంది. మేము ముట్టుకోకుండానే. నాలుగైదు ఫ్రేములకోసారి మొత్తం పిక్చరు ఒక జర్కు. పలక వదులు అనుకుని బిగించాం, ఫోను అనుకుని మార్చాం, చివరికి మేస్త్రీగారబ్బాయి అద్దం మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూశాడు, నీళ్ళలో అలలు. కింద మగ్గం పలక దెబ్బ పడినప్పుడల్లా స్లాబు ద్వారా పైకి వస్తోంది.

దీనికి పరిష్కారం అదురు ఆపటం కాదు, అది మన చేతుల్లో లేదు, మగ్గం ఆపమని ఎవర్ని అడుగుతాం, అది వాళ్ళ కూలి. కెమెరా ఒక బల్ల మీద, బొమ్మ ఇంకో చోట ఉండటం వల్ల రెండూ వేర్వేరుగా అదురుతున్నాయి, అదీ అసలు సమస్య. రెండూ ఒకే ఫ్రేముకి బిగిస్తే కలిసే అదురుతాయి, ఒకదానికొకటి కదలవు, ఫోటోలో ఏమీ తెలియదు. వెల్డింగ్ షాపులో పడున్న ఇనప యాంగిల్ ముక్కలతో డ్రాయరుకే నాలుగు కాళ్ళు పైకి లేపి, పైన పలక బిగించాం. మొత్తం సెటప్ కింద సైకిల్ ట్యూబు ముక్కలు మడతలేసి పెట్టాం. జర్కు దాదాపు పోయింది. మిగిలింది పిల్లల మోచేతులు, దానికి చాక్‌పీసుతో నేల మీద గీత గీసి, జరిపేవాళ్ళు తప్ప ఎవరూ దాటకూడదు అని రూలు. ఫోనుకి చెయ్యి తగలకుండా సెల్ఫీ స్టిక్ రిమోట్, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో, లేకపోతే సరిగ్గా 80వ ఫ్రేము దగ్గర ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

మినుకు మినుకు

దీని మీద ఒక వారం పోయింది అనొచ్చు. ప్లే చేస్తే వెలుగు ఊగుతుంది. మొదటి కారణం ఫోను తెలివితేటలు, నల్లబొమ్మ ఎక్కువ కనపడితే అదే బ్రైట్ చేస్తుంది, తక్కువైతే డల్ చేస్తుంది, ఆటోలో ఉన్నంతకాలం ఇంతే. ఎక్స్‌పోజర్ (వెలుగు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగు) మూడూ లాక్ చెయ్యాలి, ఒకటి లాక్ చేసి రెండు వదిలేసినా ఉపయోగం లేదు. రెండో కారణం కిటికీ, పొద్దున తీసిన సీను మధ్యాహ్నానికి రంగు మారుతుంది, దుప్పట్లు కట్టాం, నలభై డిగ్రీల ఎండలో కిటికీలకి దుప్పట్లు. మూడోది కరెంటు, పోయి వచ్చాక వోల్టేజి తేడా ఉంటే అదే షాట్ కంటిన్యూ చెయ్యొద్దు, షాటు మధ్యలో పోతే ఇన్వర్టరు మీద లాగించొద్దు, ఆగాలి.

ఈ మూడూ అయినా ఒక టీము దాంట్లో మాత్రం ఎర్రగా ఒక మెరుపు వచ్చి పోతోంది. ఆ అబ్బాయి కాషాయం రంగు టీషర్టు వేసుకుని బొమ్మ జరపడానికి వంగుతున్నాడు, ఫోటో తీసేటప్పుడు ఒక్కోసారి వెనక్కి జరుగుతున్నాడు, ఒక్కోసారి లేదు. అద్దం మీద ఆ చొక్కా రంగు. ఇప్పుడు హుక్కుకి నల్ల షర్టు ఒకటి వేలాడుతోంది, జరిపేవాళ్ళు అది తొడుక్కోవాలి. అందరికీ పెద్దదే, చేతులు మడిచి తొడుక్కుంటున్నారు, అదొక యూనిఫాం అయిపోయింది, దాని కోసం కొట్టుకుంటున్నారు.

నోరు కదపాలా

సౌండు ముందా బొమ్మ ముందా అనే ప్రశ్న వచ్చింది. మాటలున్న యానిమేషన్‌కి మామూలుగా గొంతు ముందు రికార్డు చేస్తారు, దాన్ని ఫ్రేములుగా విడగొట్టి నోటి ఆకారాలు పెడతారు. నెట్‌లో మాకు దొరికిన నోటి చార్టులన్నీ ఇంగ్లీషువి. మనకి వేరేగా వేసుకుందామని కూర్చున్నాం, పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడారు, చూడటానికి పిచ్చాసుపత్రిలా ఉంది కానీ చార్టు బాగా వచ్చింది. ప, బ, మ లకి పెదాలు మూత. ఆ కి బాగా తెరవాలి. ఈ, ఏ లకి సాగాలి. ఊ, ఓ లకి గుండ్రం. వ కి కింది పెదవి పైపళ్ళ దగ్గరకి. ఐదు ఆకారాలతో గట్టెక్కొచ్చు. తెలుగులో మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి మాట అయిపోయినా నోరు తెరిచే ఉంటుంది, 'అన్నం', 'గడ్డం' లాంటి వాటి దగ్గర మాత్రం మూతపడుతుంది. ఇంగ్లీషు చార్టు పెట్టి చేసిన టెస్టులో ప్రతి మాట చివరా నోరు మూసేశాం, బొమ్మ తెలుగు డబ్బింగ్ సినిమాలో హీరో అయిపోయింది.

చార్టు అంతా తయారయ్యాక గుర్తొచ్చింది, మన బొమ్మలు నల్ల నీడలు, పక్కకి తిరిగి ఉంటాయి, నోరు ఎక్కడుంది. ఒక పెదవి అట్టముక్క విడిగా కత్తిరించి పెట్టొచ్చు, కానీ ఆవు నోరు చిన్న గోరంత. ఎటూ తేల్చుకోలేదు.

నిమ్మలకుంట తాత

నిమ్మలకుంట మా మండలమే. తోలుబొమ్మలు చేసేవాళ్ళ ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆటలు తక్కువ, ల్యాంప్ షేడ్లు, వాల్ హ్యాంగింగ్‌లు చేసి అమ్ముతారు, బతకాలి కదా. చిన్నాన్నకి తెలిసిన పెద్దాయన ఒకరిని రమ్మని అడిగితే ఒక పాత ఆంజనేయుణ్ణి చాపలో చుట్టుకుని బస్సెక్కి వచ్చారు. విప్పితే ఆ బొమ్మ మా చిన్న పిల్లలకంటే ఎత్తుంది. మేకతోలు, పల్చగా గీకి రంగులద్దింది, ట్యూబులైటుకి అడ్డం పెట్టగానే ఎరుపూ ఆకుపచ్చా వెలిగాయి, నగల దగ్గర కన్నాలు, వాటిలోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు. పిల్లలు 'ఓ' అన్నారు.

నేను లిప్ సింక్, అంటే మాటకి నోరు కలిపే సమస్య ఆయనకి చెప్పా. ఆయనకి అది సమస్యగానే అర్థం కాలేదు. "మాట్లాడే బొమ్మ ఆడతాది, మాట్లాడని బొమ్మ కదలకుండా నిలబడతాది. చూసేవాళ్ళకి తెలీదా ఎవురు మాట్లాడతా ఉండారో?" అన్నారు. చేసి చూపించారు. ఆంజనేయుడి చెయ్యి మాటకి ఒకసారి, ఒత్తు పడే చోట, అంతే, తల మాట చివర కొంచెం. పక్కన మా ఆవుని నిలబెట్టి దాన్ని ముట్టుకోలేదు. నోరనేదే లేకుండా ఆంజనేయుడు మాట్లాడాడు, ఆవు విన్నది.

ఇంకోటి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. ఆటలో దెబ్బ తగిలినప్పుడు, ఎవరైనా ఎంట్రీ ఇచ్చినప్పుడు చెక్క పలక మీద కాలితో టక్కున తొక్కుతారు. బొమ్మ కదలిక చిన్నదే, ఆ శబ్దంతో పెద్దదైపోతుంది. మా చీమ కుట్టే సీనుకి ఇది వాడాలని అప్పుడే అనేసుకున్నారు.

బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వీళ్ళ సంగతి కూడా ఆయన చెప్పారు, రాముడి కథ మధ్యలో వచ్చి నవ్వించి పోయే వాళ్ళు. కొన్ని జోకులు పిల్లల ముందు చెప్పకూడదని ఆయనే మింగేశారు. ఇంటర్ బ్యాచ్ అవే కావాలని వెనకాల పడ్డారు. చివరికి గొల్లవాడి సీనులో కేతిగాడు ఒక సెకను తొంగి చూసి వెళ్తాడు, అది వాళ్ళ సొంత ఐడియా, నేనేమీ అనలేదు.

ఆయన వెళ్ళాక నోటి చార్టు పక్కన పెట్టేశాం, ఒక్క చీమకి తప్ప. చీమ క్లోజప్ ఉంది కాబట్టి దానికి పెద్ద తల, ఐదు నోళ్ళు కత్తిరించాం. బొమ్మలన్నిటికీ జామెట్రీ బాక్సు కంపాస్ ముల్లుతో కన్నాలు పొడిచారు, అవ్వ చీర అంచుకి, ఆవు మెడలో గంటలకి, రాజకుమారుల తలపాగాలకి. వెనక గిఫ్టు ప్యాకింగ్ రంగు కాగితాలు అంటించారు. ముందు రోజు దాకా నల్లగా ఉన్న సినిమా ఒక్కసారిగా రంగులొచ్చేసింది. చేపల పొలుసులు మాత్రం పిచ్చి పని, ఇద్దరు అమ్మాయిలు ఏడు చేపలకీ పొడిచారు, ఆరింటికి చాలు కదా ఎండిన వాటికి అంటే వినలేదు.

చీమ

అన్నిటికంటే కష్టం ఇదే. స్క్రీన్ మీద చూస్తే పుట్ట నించి పిల్లోడి వేలి దాకా వెళ్ళాలి, మా అద్దం మీద అది 36 సెంటీమీటర్లు, మూడు సెకన్లు, అంటే ఫ్రేముకి సరాసరి ఒక సెంటీమీటరు. సరాసరి పెట్టి చేస్తే చీమ బస్సెక్కి వచ్చినట్టు వచ్చింది. ఈ షాటు చేసే అమ్మాయి ఎనిమిదో తరగతి, వారం మొత్తం మీద పది మాటలు కూడా మాట్లాడి ఉండదు. ఫోను వదిలేసి మెట్ల దగ్గరకెళ్ళి గోడ వెంట పోయే చీమల్ని చూస్తా కూర్చుంది, స్టాప్ వాచ్ పట్టుకుని. తిరిగొచ్చి చెప్పింది, చీమ సమానంగా నడవదు, గబగబా ఒక ముక్క పోతుంది, టక్కున ఆగుతుంది, మీసాలు ఊపుతుంది, మళ్ళీ పోతుంది అని.

కాబట్టి రెండు సెంటీమీటర్లు, రెండున్నర, రెండు, ఆగు. మూడు ఫ్రేములు ఆగినప్పుడు మీసాలు మాత్రం కదలాలి, అవి సన్న రాగి తీగలు, ట్వీజర్‌తో తప్ప పట్టుబడవు. మళ్ళీ పరుగు. వేలి దగ్గరకొచ్చాక ఎనిమిది ఫ్రేములు ఏమీ కదలకూడదు అంది. ఏమీ అంటే ఏమీ. మిగతావాళ్ళు అంతసేపు ఎందుకు, బోరు అన్నారు. ప్లే చేస్తే ఆ ఎనిమిది ఫ్రేముల్లో అందరూ ఊపిరి బిగబట్టారు, తర్వాత ఒకే ఫ్రేములో కుట్టేసింది, పిల్లోడి చెయ్యి ఎగిరింది. హాలు మొత్తం ఒక్కసారి అరిచింది. కింద మగ్గం దగ్గర నించి చిన్నాన్న ఏమైందని పైకొచ్చాడు.

ఎనిమిది ఫ్రేములంటే సెకనులో మూడింట రెండొంతులు. ఇది నేను నేర్పింది కాదు.

సౌండు

కరెంటు పోయినప్పుడు షూటింగ్ ఆగుతుంది, అప్పుడే ఫ్యాన్లు కూడా ఆగుతాయి, కాబట్టి గొంతుల రికార్డింగ్ అంతా కరెంటు పోయినప్పుడే. షెడ్యూలు కరెంటోళ్ళ చేతిలో. గోడల ఎకో పోవడానికి ఫోనూ పిల్లా ఇద్దరూ దుప్పటి ముసుగులో, మే నెలలో. ఒక్కో డైలాగు చెప్పి చెమటలు కక్కుకుంటూ బయటకి వస్తున్నారు. అవ్వ గొంతుకి ఆడపిల్లలెవరూ కుదరలేదు, టెన్త్ పాసైన ఒకబ్బాయికి గొంతు పగులుతోంది, వాడిదే సరిగ్గా సరిపోయింది, వాడికి ఇష్టం లేదు, బతిమాలాం.

మగ్గం శబ్దం ప్రతి రికార్డింగ్‌లోనూ వెనకాల సన్నగా ఉంది. తీసేయాలని చూశాను, తర్వాత వదిలేశా. కథలో చేపలు ఎండబెట్టిన ఊరు ఏదైనా కావచ్చు, ధర్మవరమే అయితే ఏం. పైగా గొల్లవాడి నడక టీము ఆ టకటకని కొలత పెట్టుకుని అడుగులేయించారు.

మే చివర, ఎడిటింగ్

ఎనిమిది ముక్కలూ లాప్‌టాప్‌లో కేడెన్‌లైవ్‌లోకి తెచ్చా, ఫ్రీ సాఫ్ట్‌వేర్, నా పాత మెషిన్‌లో కూడా నడుస్తుంది. ఆవు టీము ఫ్రేము రేటు 12కి మార్చకుండా యాప్‌లో మొదట్లో ఏముంటే అదే వదిలేసింది, ఫోన్‌లో చూసుకుంటే బాగానే ఉంది, మిగతావాటి పక్కన సెకనుకి 12 లెక్కన పెడితే ఆవు పీ.టీ. ఉషలా ఉంది. ప్రతి ఫోటో రెండుసార్లు వేసి సరిచేశాం, ఇప్పుడు కొంచెం బద్ధకంగా నడుస్తుంది. ఆకలేసిన ఆవు కదా, కవరైపోయింది.

ఒక ముక్క నించి ఇంకో ముక్కకి జంప్ తెలుస్తోంది, ఒక టీముకి ఆకాశం పసుపు, ఇంకో టీముకి నారింజ. కలర్ కరెక్షన్ చేసి ఒకటి చెయ్యొచ్చు. పిల్లలేమో పొద్దున నించి సాయంత్రం దాకా అడుక్కుంటూ తిరిగారు అనుకుందాం, పసుపుతో మొదలుపెట్టి నారింజకి పోదాం అన్నారు. ముక్కలన్నీ కథ వరసలోనే పెట్టి చూస్తే నిజంగానే పొద్దు వాలినట్టు ఉంది, చీమ దగ్గరకొచ్చేసరికి ఎర్రటి సాయంత్రం. గొల్లవాడి ముక్క ఒక్కటే మొండికేసింది, దానికి మాత్రం రంగు దిద్దా.

పెద్ద చర్చ ఇంకా తెగలేదు. కథ చీమ మాటతో అయిపోతుంది, మరి ఇంతకీ ఆ ఏడో చేప ఎండిందా? తాతలూ అవ్వలూ ఎవరూ చెప్పరు. ఆరో తరగతి బ్యాచ్ ఎండాలి అంటున్నారు, ఇంటర్ వాళ్ళు ఎండకపోతేనే కామెడీ అంటున్నారు, సాయంత్రం అయిపోయింది కదా ఇంకెక్కడ ఎండుతుంది అని లాజిక్కు. రెండు ఎండింగులూ తీస్తున్నారు, 24 ఫోటోలు ఇది, 24 ఫోటోలు అది.

జూన్ మొదట్లో, ఇప్పటికి ఉన్న పరిస్థితి

పిక్చరు లాక్ అయింది, అంటే ఇక మార్పులు లేవు, ఎండింగు తప్ప. టైటిల్స్‌తో కలిపి రెండు నిమిషాలకి కొంచెం తక్కువ. పేర్లన్నీ అక్షర క్రమంలో వేద్దామంటే అవ్వ గొంతు ఇచ్చినవాడు తన పేరు వెయ్యొద్దంటున్నాడు, ఫ్రెండ్స్ ఏడిపిస్తారంట. 'అవ్వ గొంతు: అవ్వ' అని వేస్తే ఓకే అన్నాడు.

స్కూళ్ళు తెరిచేలోపు మేడ మీద తెల్ల పంచె కట్టి ఒక షో వేస్తాం, ప్రొజెక్టర్ ట్యూషన్ మాస్టారు ఒకాయన ఇస్తానన్నారు. నిమ్మలకుంట తాతకి కబురు పెట్టాం, ఆయన సినిమాకి ముందు పది నిమిషాలు అదే పంచె మీద ఆంజనేయుణ్ణి ఆడిస్తానన్నారు, దానికి డబ్బులు తీసుకోవాల్సిందే అని పిల్లలే చందా వేసుకున్నారు. రెండో షో అక్టోబర్ 28కి, ఆ రోజు అంతర్జాతీయ యానిమేషన్ దినోత్సవం, 1892లో అదే తేదీన పారిస్‌లో ఎమిల్ రేనో అనే ఆయన చేత్తో గీసిన కదిలే బొమ్మల్ని టికెట్ పెట్టి జనానికి చూపించాడు. పిల్లలు చదివే స్కూళ్ళలో అడుగుతున్నాం, నేను రాలేకపోయినా వాళ్ళే పెట్టుకోగలరు.

సర్టిఫికెట్లకి ఒక దారి దొరికింది, మిగిలిన పెళ్ళి పత్రికల వెనకవైపు తెల్లగా ఉంది కదా, దాని మీద ఎవరి బొమ్మ వాళ్ళకి దారం ముడితో కట్టి ఇచ్చేస్తాం. చీమని మాత్రం ఆ షాటు చేసినమ్మాయి ఇవ్వనంటోంది, దాన్ని చెయ్యని వాళ్ళు కూడా మాకే అంటున్నారు, ఇంకో ఆరు చీమలు కత్తిరించాలి. రాగి తీగ అయిపోయింది, రేపు మోటార్ వైండింగ్ షాపుకి వెళ్ళాలి.